మఠానికి అడ్డమొచ్చిన అక్క

రైల్వే స్టేషన్‌లో బళ్ళ రాకపోకలు చెప్పే ఆయన్ని ఊరంతా 'మైకు' అనే పిలిచేది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, అది జీతం కాగితంలోనూ జ్ఞానస్నానం పుస్తకంలోనూ తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. మనిషి బక్కపలచన. గొంతు వింటే మాత్రం ఆరడుగుల ఆజానుబాహువు ఎవరో గదిలో దాక్కుని మాట్లాడుతున్నాడనిపించేది.

రెండో ప్లాట్‌ఫారం చివర, మెట్ల కింద ఆయన గది. మూడు వైపులా గాజు పలకలు, ఒక వైపు గోడ. లోపల ఒక కుర్చీ, ఒక బల్ల, మెడ వంచుకున్న మైకు, కంట్రోల్ రూముతో మాట్లాడే నల్ల ఫోను. కుర్చీ వెనక్కి జరిపితే తలుపుకి తగిలేది, ముందుకి జరిపితే మోకాళ్ళు బల్లకి తగిలేవి. బండి ఆలస్యమైతే జనం వచ్చి గాజుకి మొహం ఆనించి తిట్టిపోసేవాళ్ళు. మాటలు లోపలికి వినపడేవి కావు గానీ, పెదాల కదలికను బట్టి ఎవరు ఏం తిడుతున్నారో చెప్పగలిగేంత అనుభవం ఆయనకు వచ్చేసింది. ఆలస్యం చేసింది ఎవరో, చింతిస్తున్నామని చెప్పేది ఈయన. మధ్యలో ఒకసారి పైవాళ్ళు మాట్లాడే యంత్రం తెచ్చిపెట్టారు. అది వెళ్ళిపోయిన బండిని వస్తోందని, రాబోయే బండిని వెళ్ళిపోయిందని చెప్పి నానా గందరగోళం చేశాక, మళ్ళీ ఈయన్నే కుర్చీలో కూలేశారు.

స్టేషన్ వదిలితే గుడి. ఆదివారం పూజ అయ్యాక ప్రకటనలు చదవడానికి ఫాదర్ గారికి ఈయనే కావాలి. ఎవరి పెళ్ళి ఎప్పుడో, ఎవరు పోయారో, పాటల బృందం ఏ సాయంత్రం కూడుతుందో అన్నీ ఆయన నోటి మీదుగానే ఊరికి చేరేవి. గుడి వదిలితే ఇల్లు. ఇంట్లో అక్క ఉంది.

అక్క సంగతి కొంచెం చెప్పాలి. మైకుకి పెళ్ళయిన కొద్దికాలానికే భార్య జ్వరం వచ్చి పోయింది. పిల్లల్లేరు. అన్నం సయించక, ఇల్లు పట్టక తిరుగుతున్న తమ్ముణ్ణి చూసి అక్క నాలుగు రోజులుండి వెళ్దామని వచ్చింది. అప్పటికి ఆవిడ ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోలేదన్న బెంగా లేదు. నాలుగు రోజులు నెలయింది, నెల ఏడాదయింది, ఉద్యోగం పోయింది. రైల్వే క్వార్టర్‌లో రెండు గదులు, ఒక వంటిల్లు. ఆవిడకు వంటింట్లోంచి ముందు గదిలోకి మాట్లాడే అలవాటు. అంత దూరానికి గొంతు పెంచాలి కదా, పెంచేది. నీళ్ళు రాలేదని, పక్కింటి వాళ్ళ కుక్క అరిచిందని, పప్పు మాడిందని, మాడింది ఎవరి వల్లో అని, ఆపకుండా సాగేది.

పగలంతా తను మాట్లాడి, సాయంత్రం అంతా ఎవరో మాట్లాడింది వినడమే బతుకైపోయిందని మైకు లోపల్లోపల కుమిలిపోయేవాడు. గాజు గదిలోంచి రెండు గదుల ఇంటికి, అక్కణ్ణుంచి గుడికి, మళ్ళీ గాజు గదికి. కుడితిలో పడ్డ ఎలుకలా ఎటు తిరిగినా అదే.

ఊరి చివర బస్సు ఆగే చోటు దాటి కొండదారి పట్టుకుని వెళ్తే ఒక మఠం ఉండేది. ఎత్తయిన గోడ, లోపల తోట, పాతికమంది సన్యాసులు. పెళ్ళికి ముందెప్పుడో గుడి కుర్రాళ్ళతో కలిసి ధ్యానకూటానికి అక్కడికి వెళ్ళాడు. తోటలో కలుపు తీస్తున్న ముసలి సన్యాసిని దారి అడిగితే, ఆయన నోరు తెరవకుండా చేత్తో చూపించి, చిన్నగా తలూపి, మళ్ళీ కలుపు తీసుకోవడంలో పడ్డాడు. అంతే జరిగింది. మైకు మాత్రం ఆ తలూపుని మర్చిపోలేదు. ఒక మనిషి ఇంత తక్కువ మాటలతో బతకొచ్చా అనిపించింది.

భార్య పోయాక ఆ కోరిక మళ్ళీ లేచింది. లేచి మాటగా మారింది. "మా అక్క లేకపోతే ఈపాటికి నేను మఠంలో ఉండేవాణ్ణి," అనేవాడు. టీ తాగుతూ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌తో అనేవాడు, పాటల బృందంతో అనేవాడు, ఫాదర్ గారితో అనేవాడు. ఇంకో ఊరికి ప్రమోషన్ వస్తే "అక్క ఉంది కదండీ" అని వదులుకున్నాడు. రెండో పెళ్ళి సంబంధం వస్తే అదే జవాబు. వినేవాళ్ళు "పాపం" అనేవాళ్ళు. ఆ పాపం అనిపించుకోవడంలో కాస్త తియ్యదనం ఉంటుంది. రోజూ ఇంత నోట్లో వేసుకోవడం ఆయనకు అలవాటైపోయింది.

ఒక ఆదివారం పూజ అయ్యాక గుడి వాకిట్లో వాదం లేచింది. లేవదీసింది లెక్కల మాస్టారు. ఆయనకు లోకం బాగుపడుతుందన్న ఆశ ఎప్పుడో పోయింది.

"అంతా కుళ్ళిపోయింది ఫాదర్. ఇంక ఇందులో ఉండి మనం బాగుచేసేది ఏమీ లేదు. క్రైస్తవుడన్నవాడు బయటికొచ్చి, ఇంత తోట వేసుకుని, ప్రార్థన చేసుకుని బతకాలి. పాతకాలం వాళ్ళు అదే చేశారు," అన్నాడు.

ఆసుపత్రి నర్సు ఊరుకోలేదు. "బాగుంది మాస్టారూ. అందరూ గోడ దూకి లోపలికి పోతే మా వార్డులో రోగుల మలమూత్రాలు ఎవరెత్తుతారు? మీరొస్తారా?"

"నేనన్నది అది కాదమ్మా..."

"అదే అన్నారు. ప్రార్థన నేనూ చేస్తాను. సూది గుచ్చుతూ చేస్తాను."

ఫాదర్ గారు నవ్వి, "ఇద్దరూ నిజమే చెప్తున్నారు," అన్నారు. ఇలాంటి చోట ఫాదర్‌లు అదే అంటారు. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. "కొందరికి దైవపిలుపు ఉంటుంది. వాళ్ళు లోపలికి వెళ్ళడం మనందరికీ మేలే. కాకపోతే పిలుపు వేరు, విసుగు వేరు. రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి, అదీ చిక్కు."

అందరూ మైకు వైపు తిరిగారు. మఠం మాట వస్తే ఆయనే కదా సొంతదారు. ఆయన నిట్టూర్చి, "పిలుపు ఉన్నా ఏం లాభం ఫాదర్? మా అక్క లేకపోతే ఈపాటికి..." అని మొదలుపెట్టాడు. ఎదుటివాళ్ళ చూపులు తన భుజం మీదుగా వెనక్కి పోవడం చూసి తిరిగాడు. అక్క నిలబడి ఉంది. పక్కనున్న పెద్దావిడ అక్క చెయ్యి నిమిరి, "పోనీలేమ్మా, నువ్వు మాత్రం ఏం చేస్తావు," అంది. ఓదార్చానని అనుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం వంటింట్లోంచి ఒక్క మాట రాలేదు. మైకుకి ప్రాణం హాయిగా అనిపించింది. ఆ హాయి కంచం కడిగేదాకే నిలిచింది.

"నేను అడ్డమని ఎన్నాళ్ళుగా చెప్పుకుంటున్నావురా?" అంది అక్క, తలుపు దగ్గర నిలబడి. గొంతు పెంచలేదు.

"మాటవరసకి అన్నానక్కా."

"నువ్వు మాటవరసకి అనేస్తావు. ఊళ్ళో మోసేది నేను. కూరగాయల దుకాణంలో 'పాపం ఆయన్ని వదిలెయ్యొచ్చు కదండీ' అంటారు. గుళ్ళో నా పక్కన కూర్చున్నవాళ్ళు నాకోసం ప్రార్థన చేస్తున్నామంటారు, నా మనసు మారాలని. దేవుడికీ నీకూ మధ్య గోడలా నిలబడ్డానంట. రేపే మఠానికి రాయి."

"నేను పోతే క్వార్టర్ ఖాళీ చెయ్యమంటారు. నువ్వెక్కడుంటావు?"

"అది నా తంటా. నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?"

రాశాడు. వయసు మీరింది కాబట్టి వద్దంటారని ధైర్యం. ఎంత గొప్ప ధైర్యమో చూడండి. మఠం నుంచి వెంటనే జవాబొచ్చింది, ముందు మూడు నెలలు పరీక్షగా వచ్చి ఉండమని. ఆయన గొంతులో వెలక్కాయ పడింది. స్టేషన్ మాస్టర్ సెలవివ్వడని ఇంకో ఆశ. స్టేషన్ మాస్టర్ భక్తిపరుడు, లేచి చేయి కలిపి మరీ సంతకం పెట్టాడు. ఆదివారం పూజలో ఫాదర్ గారు ఆయన్ని ముందుకు పిలిచి దీవించారు. పాటల బృందం ఉన్ని దుప్పటి ఇచ్చింది. లెక్కల మాస్టారైతే కావలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అంతమంది ఏడ్చి సాగనంపుతుంటే "నాకు కాస్త భయంగా ఉందండీ" అని ఎలా అనగలడు? నవ్వుతూ బస్సెక్కాడు. అక్క సంచీ అందించి, బస్సు కదలకముందే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మఠంలో మొదట్లో స్వర్గమే. గంట కొడితే లేవడం, గంట కొడితే ప్రార్థన, గంట కొడితే తోట పని. ఎవరూ ఏదీ అడగరు. ఎదురుపడితే తలూపుతారు. ఏళ్ళ తరబడి చెవుల్లో గిర్రున తిరుగుతున్న శబ్దం ఒక్కొక్క పొరే ఊడిపోయినట్టయింది. ఇదే, ఇదే నాకు కావాల్సింది అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, ఆయన్ని అబద్ధాలకోరు అనడానికి లేదు.

ఆ మఠంలో ఒక పద్ధతి ఉంది. భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. అందరూ తింటుంటే ఒకరు గోడవార ఎత్తు మీద నిలబడి పునీతుల చరిత్ర చదవాలి. చదివినవాడు అందరూ లేచాక ఒంటరిగా తినాలి. అప్పటిదాకా చదువుతున్న ముసలాయనకి కంటిచూపు ఆనడం లేదు. ప్రార్థనలో మైకు అన్న ఒకే ఒక్క 'ఆమెన్' మఠాధిపతి చెవిన పడింది.

"దేవుడు మాకొక గొంతు పంపాడు," అన్నాడు మఠాధిపతి.

"స్వామీ, నేను మౌనం కోసం వచ్చాను."

"మౌనం మా అందరికీ కావాలి నాయనా. నువ్వు చదివితేనే అది నిలబడుతుంది."

ఎదురు చెప్పే వీల్లేదు, మాట వినడం కూడా అక్కడ వ్రతమే. మళ్ళీ నిలబడ్డాడు. ఎదురుగా పాతికమంది గిన్నెల్లోకి చూస్తూ నములుతున్నారు. తన మొహం చూసేవాడు లేడు, తను చెప్పేది తన మాట కాదు. గాజు గదే నయం, అక్కడ తిట్టడానికైనా తలెత్తి చూసేవాళ్ళు. ఇక్కడ ఆకలితో కడుపు నకనకలాడుతుంటే, ఎప్పుడో చచ్చిపోయిన పునీతుడు ఉపవాసం ఎలా ఉన్నాడో చదవాలి.

ఒక మధ్యాహ్నం అలాగే చదువుతున్నాడు. ఎవరో పునీతుడు ఉన్నదంతా పంచిపెట్టి, తెల్లవారుజామున ఎడారికి బయలుదేరాడు. బయలుదేరాడు అన్నాక ఆగాలి కదా. నోరు ఆగలేదు. అదే ఊపులో, "ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము," అనేశాడు. ఎక్కడో చెంచా కింద పడింది. కుర్ర సన్యాసుల భుజాలు అదిరిపోతున్నాయి. నవ్వకూడదు, మాట్లాడకూడదు, పాపం ఒకాయనకి రొట్టె అడ్డంపడి కళ్ళనీళ్ళు తిరిగాయి. మఠాధిపతి అంతటివాడు తువ్వాలు మొహానికి అడ్డంపెట్టుకున్నాడు. అందరూ హాయిగా నవ్వుకున్న పూట అది. మైకుకి మాత్రం నవ్వు రాలేదు. ఏ గదిలోంచి పారిపోయి వచ్చాడో ఆ గది నోట్లోనే ఉండిపోయింది.

ఆ రోజు వంటగదిలో ఆలస్యంగా తింటుంటే వంట బ్రదర్ ఎదురుగా కూర్చుని బంగాళదుంపల తోలు తీస్తున్నాడు. లావుపాటి మనిషి, చెమటతో ఎప్పుడూ మెరుస్తుంటాడు. వంటగదిలో అవసరానికి మాట్లాడొచ్చు. ఆయన ఒక్కో దుంపకీ ఒక్కో పేరు గొణుగుతున్నాడు. గేటు దగ్గరికొచ్చి ప్రార్థన అడిగి వెళ్ళినవాళ్ళ పేర్లు. ఒకామె కొడుకు జైల్లో ఉన్నాడు, ఒకతనికి కళ్ళు పోతున్నాయి.

"లోకాన్ని వదిలేసి వచ్చారు కదా బ్రదర్, మళ్ళీ వీళ్ళ గొడవ మీకెందుకు?" అన్నాడు మైకు.

"ఎవరన్నారు వదిలేశానని? బయట ఉన్నన్నాళ్ళూ నా గొడవే నాకు చాలక చచ్చేది. ఇక్కడికొచ్చాక వీళ్ళది వినే తీరిక దొరికింది," అని వంట బ్రదర్ ఇంకో దుంప తీసుకున్నాడు. ఆ జైలు కొడుకు తల్లి పేరు మళ్ళీ అనేటప్పుడు ఆయన చేతిలో కత్తి ఆగింది.

మైకు కంచం పక్కకి జరిపాడు. ఈ మనిషి దేని కోసమో వచ్చాడు. తను దేన్నించో వచ్చాడు. ఒకే గోడ లోపల ఉన్నారు గానీ ఆయన ఇంట్లో ఉన్నాడు, తను ఇరుక్కుని ఉన్నాడు. ఆ తేడా తెలిసిన క్షణం నుంచి గోడ ఎత్తు పెరిగినట్టయింది. పడుకుంటే పైకప్పు మీదికి వస్తున్నట్టు, కూర్చుంటే గంట ఎప్పుడు కొడతారా అని, కొడితే ఎందుకు కొట్టారా అని. వెళ్ళిపోదామంటే ఉన్ని దుప్పటి గుర్తొచ్చేది. లెక్కల మాస్టారి కన్నీళ్ళు గుర్తొచ్చేవి. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? మింగలేక కక్కలేక నలిగిపోయాడు.

చివరికి దారి దొరికింది. ఎప్పుడూ దొరికేదే. అక్క! పాపం ఒంటరిగా ఎలా ఉందో. దిక్కులేని మనిషిని వదిలేసి వచ్చి మోక్షం వెతుక్కోవడం ఏం న్యాయం? బంధువుల్ని చూడనిచ్చే రోజున రమ్మని కబురుపెట్టాడు.

అక్క వచ్చింది. అతిథుల గదిలో బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. ఆవిడ కొత్త కళ్ళజోడు పెట్టుకుంది. కాస్త ఒళ్ళు తగ్గి, నడుం నిటారుగా ఉంది. మైకు కంఠపాఠం చేసుకున్నది అప్పజెప్పాడు.

"నువ్వొక్కదానివే ఇబ్బందిపడుతుంటే నాకిక్కడ మనసు నిలవడం లేదక్కా. దేవుడైనా మెచ్చడు. స్వామితో చెప్పి వచ్చేస్తాను. నా రాత ఇంతే అనుకుంటాను."

అక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"నేను ఇబ్బందిపడుతున్నానని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? తెలీదా?"

"హాస్టల్లో మళ్ళీ చేరాన్రా. పాత ఉద్యోగమే. గది ఇచ్చారు, కిటికీలోంచి ఆటస్థలం కనిపిస్తుంది. అరవై మంది ఆడపిల్లలు, పొద్దస్తమానం వాగుడే. నేను పలకరిస్తే తిరిగి పలుకుతారు. నీ ఇంట్లో ఎందుకంత అరిచేదాన్నో తెలుసా? నువ్వు ఊ అనేవాడివి కాదు. రోజంతా ఊరందరికీ చెప్పి వచ్చేవాడివి, నాకు ఒక్క మాట మిగిలేది కాదు. గోడలతో ఎంతసేపు మాట్లాడతాను?"

మైకు బల్ల అంచుని గోటితో గీకసాగాడు.

"నువ్వు వెళ్ళాక నాకు ఊపిరాడింది," అంది అక్క. అన్నాక తనే కాస్త జంకింది, అయినా వెనక్కి తీసుకోలేదు. "క్వార్టర్ నీ పేరునే ఉంది, తుడిచి తాళం వేశాను. రావాలనుంటే రా. నా కోసం మాత్రం రాకు. ప్రమోషన్ వద్దనుకుంటే నా కోసం. పెళ్ళంటే భయమైతే నా కోసం. మఠానికి రాలేకపోతే నా వల్ల, వచ్చి ఉండలేకపోతే నా వల్ల. నేను నీకు అక్కనా, నువ్వు దాక్కునే తలుపునా?"

లేచి వెళ్ళిపోయింది. ఆయన కూర్చున్నచోటే బిగుసుకుపోయాడు. ఆ రోజు భోజనం గంటకి చదవడానికి రాకపోతే మఠాధిపతే వెతుక్కుంటూ వచ్చాడు.

"మీ అక్కగారు ఏమన్నారు?"

"నన్నెవరూ ఆపడం లేదన్నది స్వామీ."

"మంచి మాటే కదా."

"భయమేస్తోంది స్వామీ. ఇన్నాళ్ళూ ఎవరో పట్టుకుని ఆపుతున్నారనుకున్నాను. నేనేం చెయ్యమంటారు? ఉండమంటారా, పొమ్మంటారా?"

"నన్నడక్కు. మీ అక్క నెత్తి మీంచి దించి నా నెత్తిన పెడతావా?"

ఆయన నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఆ నోటికి బళ్ళ మాటలు తెలుసు, పెళ్ళి ప్రకటనలు తెలుసు, పునీతుల మాటలు తెలుసు. తన మాట ఎలా ఉంటుందో తెలియదు. మఠాధిపతి ఎదుటి కుర్చీలో కూర్చుని, తొందర లేనట్టు చేతులు కట్టుకున్నాడు.

"నాకిక్కడ ఉండాలని లేదు," అన్నాడు చివరికి. సన్నని గొంతు, పక్కగదికి కూడా వినపడదు. "నేను దేవుడు కావాలని రాలేదు. అలిసిపోయి వచ్చాను."

"అలిసిపోవడం తప్పు కాదు. వెళ్ళు. అందుకు సిగ్గుపడకు," అన్నాడు మఠాధిపతి. "సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. అదేంటో నీకే తెలుసు."

మర్నాడు బస్సు దిగి క్వార్టర్‌కి పోలేదు, తిన్నగా హాస్టల్‌కి వెళ్ళాడు. గేటు దగ్గర సంచీ పట్టుకుని నిలబడ్డాడు. లోపల పిల్లలు తాడాట ఆడుతున్నారు. అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. గేటు తీయలేదు, కమ్మీల అవతలే నిలబడింది.

"నువ్వు నన్ను ఎప్పుడూ ఆపలేదక్కా," అన్నాడు. "నేనే వెళ్ళలేదు. నీ మీద పెట్టాను. ఆ మాట చెప్పిపోదామని వచ్చాను."

అక్క కళ్ళు తడి అయ్యాయి. కమ్మీల మధ్యలోంచి చెయ్యి పెట్టి తమ్ముడి చొక్కా కాలరు సరిచేసింది. అయిపోయింది, క్షమించేసింది అని ఆయన గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"నాకు చెప్తే ఏం లాభంరా? నాకు తెలిసిందేగా," అంది అక్క. "నువ్వు నన్ను అన్నది అందరి ముందూ. ఇదీ అందరి ముందూ చెప్పు. గుళ్ళో చెప్పు. అప్పుడు రా, లోపలికి పిలుస్తాను."

"అక్కా, అంతమందిలో..."

లోపలి నుంచి పిల్లలెవరో మేడమ్ అని పిలిచారు. అక్క వెళ్ళిపోయింది. మైకు గేటు ముందు సంచీతో అలాగే నిలబడిపోయాడు. అడ్డం పెట్టుకోవడానికి ఇంక ఎవరూ లేరు, ఆదివారం ఎల్లుండే.